ఎక్స్‌రేలో నీ భుజం, అన్నా

చికాగో
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సుగుణ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను ఆరోగ్యంగా ఉన్నాను. అక్కడ నువ్వు, వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ అట్లాగే ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళకు నేను పంపిన మందు పూసుకుంటున్నదా, లేక పెట్టెలో దాచి వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నదా? చూపించడానికే అయితే ఖాళీ సీసా పంపేదాన్ని కదా. పూసుకోమని గట్టిగా చెప్పు.

నా గురించి ఫికర్ చేయవద్దు. బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను. చలి మాత్రం రాసి చెప్పేది కాదు. ఎండ మొహం చూసి నెల దాటింది. బస్సు కోసం నిలబడితే కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారుతాయి. ఒక రకంగా అదీ మంచిదే, ఇక్కడ రోడ్డు మీద ఏడ్చినా ఎవరూ ఆగి అడగరు, చలికి అనుకుంటారు.

నాతో గదిలో ఉండే మలయాళీ నర్సు లీలమ్మ కొబ్బరినూనెతో వండితే నేను ముక్కు మూసుకుంటాను. నేను వెల్లుల్లి పోపు వేస్తే ఆమె కిటికీ తెరుస్తుంది. పై అంతస్తు ముసలమ్మ మా ఇద్దరినీ కలిపి తిడుతుంది. అన్నం తింటున్నానంటే తింటున్నాను, నోటికి ఏదీ రుచించదు. ఇటు వచ్చే వాళ్ళెవరైనా ఉంటే వదిన చేసే చింతకాయ తొక్కు కొంచెం పంపమను. వద్దులే, నా కోసం ఎవరినీ అడగకండి.

ఇక అసలు సంగతి. ఇది రాయలేక రెండు ఉత్తరాలు చించేశాను. మా ఆయన వీసా కోసం పెట్టిన మాఫీ దరఖాస్తు తిరిగి వచ్చింది. కుదరదన్నారు. మీ బావకు నేనింకా రాయలేదు. ముందు నీకే రాస్తున్నాను.

నీకు తెలిసినవే అయినా మొదటి నుంచి చెప్తాను. బుధవారం ఇక్కడి వకీలు నా చేత మొదటి నుంచి చెప్పించాడు. ఇంగ్లీషులో చెప్తుంటే అదేదో వేరే ఎవరి కథో అనిపించింది, అంత బుద్ధిలేని పని మనమే చేశామా అనిపించింది.

ఈయనను నేను మొదట చూసింది ఛాతీ దవాఖాన వార్డులో అని నీకు తప్ప మనవాళ్ళలో ఎవరికీ తెలియదు. తొమ్మిది నెలలు పడుకున్నాడు. సూదులు వేసింది నేను, మాత్రలు మింగించింది నేను. నయమై ఇంటికి పోయాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడు క్షయ అంటే అమ్మ ఒప్పుకోదని టైఫాయిడ్ అని చెప్పాం. మన దగ్గర అందరూ చెప్పేది అదే కదా, చెప్పుకోలేని రోగాలన్నీ టైఫాయిడే. ఆయన ఊపిరితిత్తి మీద మానిన మచ్చ ఒకటి మిగిలింది. ఎక్స్‌రే ఫిల్ములు ట్రంకు పెట్టె అడుగున పెట్టి పైన దుప్పట్లు పరిచాను.

నేను ఇక్కడికి వచ్చి, గ్రీన్ కార్డు చేతికి వచ్చాక ఆయన కోసం కాగితాలు పెట్టాను. ఏడాదిన్నరకు పిలుపు వచ్చింది. వీసా వాళ్ళు చెప్పిన డాక్టరు దగ్గర ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలన్నారు. ఆ మాట చూడగానే నాకు వార్డు కనపడింది. మచ్చ చూస్తే జన్మలో రానివ్వరు అనుకున్నాను. ఆయన పేరు చెప్పి నువ్వు పోయి ఆ మిషను ముందు నిలబడ్డావు. నీ ఛాతీ గట్టిది. పాన్ లేదు, బీడీ లేదు, బస్సు డిపోలో ఇంజన్ల కింద దూరి పనిచేసే ఒళ్ళు. ఫిల్ము మీద ఆయన పేరు పడింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాం.

అంతటితో ఊరుకున్నామా? వీసా చేతికి రాకముందే ఆయన ప్రెస్సులో రాజీనామా ఇచ్చాడు. గుళ్ళో వీడ్కోలు ప్రార్థన పెట్టారు, దండలు వేశారు, అమ్మ దబీర్‌పురా గల్లీ మొత్తం లడ్డూలు పంచింది. మనవాళ్ళకు ఏదీ అయ్యేదాకా ఆగే ఓపిక ఉండదు. ఇప్పుడు ఆయన గుడి వైపు నుంచి నడవడు, స్టేషను వెనక నుంచి తిరిగి ఇంటికి వస్తాడు. ఎదురైన ప్రతివాడూ "ఏంది భాయ్, ఇంక పోలేదా?" అంటాడట. అదే ప్రెస్సులో రోజుకూలీకి ప్రూఫులు దిద్దుతున్నాడు, ఆయన కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు.

నీ భుజం సంగతి మనకెవరికీ గుర్తులేదు చూడు. పతంగి కోసం డాబా అంచు దాకా పోయి పడ్డావు. బాపు నిన్ను రిక్షాలో వేసుకుని బహదూర్‌పురా పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోతే, గుడ్డు సొన రాసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతికింది, కానీ వంకరగా అతికి గడ్డలాగా మిగిలింది. ఉల్లిగడ్డ మోస్తున్నావని నిన్ను ఎంత ఏడిపించేదాన్ని! చొక్కా కింద అది ఎవరికీ కనపడదు. ఎక్స్‌రేలో అన్నిటికంటే ముందు అదే కనపడింది.

ఆగస్టులో సెలవు పెట్టి వచ్చినప్పుడు మద్రాసులో అమెరికా వీసా ఆఫీసులో జరిగింది మీ నోటితోనే విన్నాను. మీ ఇంట్లో చాప మీద కూర్చున్నాం. వదిన టీ పోస్తున్నది. మీ బావ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"దొర మంచిగనే మాట్లాడిండు సుగుణా. అన్ని కాగితాలు చూసిండు. నీ ఎడమ భుజం ఎముక ఎప్పుడు ఇరిగింది అని అడిగిండు. నాకెన్నడు ఇరగలేదు సార్, దేవుని దయతోని ఒళ్లంత మంచిగున్నది అన్న. సోంచాయించకుండ నిజం చెప్పిన."

ఎన్ని అబద్ధాలకు తయారై పోయినా, అనుకోని చోట నిజం చెప్పి దొరికిపోయాడు నా మొగుడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికప్పుడు ఇంకో ఎక్స్‌రే తీశారు. అందులో విరిగిన ఎముక లేదు, మానిన మచ్చ ఉంది. మొదటి ఫిల్ములో ఉన్న మనిషి ఎవరని అడిగారు. తెలియదన్నాడు.

అప్పుడు నువ్వు అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉన్నది. "నేను గేటు బయటనే ఉంటి చెల్లే, టిఫిన్ డబ్బ పట్టుకోని. లోపల్కి పోయి గా మనిషిని నేనే సార్ అంటే అయిపోవు. నాకెవ్వలు చెప్పలే. బావ బయటికొచ్చి ఏమన్నడో ఎరుకనా? ఆకలైతున్నది, తిందాం పా అన్నడు."

"నీ పేరు నా నోట్లకెల్లి రాదు బావా," అన్నాడు ఆయన. "నీది సర్కారు నౌకరి. ఇద్దరు ఆడపిల్లలున్నరు. గిది నా బుద్ధితక్కువ పని. నేనే పడుత."

వదిన ఆయన మీద లేచింది. "అవ్, నీ బుద్ధితక్కువనే. నా మొగన్ని గీ లొల్లిల ఎందుకు ఇరికించినవ్? పాపం, అడగంగనే పోయి నిలబడ్డడు." నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

అన్నా, ఆ బుద్ధి ఆయనది కాదు. నాది. నిన్ను నిలబెట్టమని ఇక్కడి నుంచి రాసింది నేను. ఆయన వద్దని రాశాడు. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం, కాదంటే కాదంటారు అని రాశాడు. నేను ఆయనకు కోప్పడి రాశాను, నీకు నా దగ్గరికి రావాలని లేదా అని రాశాను. ఆ మాటకు ఆయన లొంగాడు. నీ దగ్గరికి వచ్చి తన ఉపాయమే అని చెప్పుకున్నాడు. వదిన తిడుతుంటే కూడా నన్ను బయటపెట్టలేదు. నేను కూడా నోరు విప్పలేదు. వదినకు ఈ సంగతి చెప్పు. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టమను.

అబద్ధం చెప్పి వీసా అడిగిన వాళ్ళను ఇక ఎప్పటికీ రానివ్వరట. కాని భార్య ఇక్కడ ఉంటే ఆ తప్పు మాఫీ చేయమని అడగవచ్చు, దాన్ని వీళ్ళు వేవర్ అంటారు. ఆ దరఖాస్తే సెప్టెంబరులో పెట్టాం. దారిన పోయే మనిషిని బతిమాలి నిలబెట్టానని, పేరు తెలియదని ఆయన రాసిచ్చాడు. ఇప్పుడు జవాబు వచ్చింది. మాఫీ అడిగే కాగితంలో కూడా నిజం చెప్పలేదు గనుక ఇవ్వడం లేదని రాశారు. అందులో ఒక్క ముక్క కూడా తప్పని అనలేను.

వకీలు ముసలాయన, మంచివాడు. కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, ఆ మచ్చ ఎన్నాళ్ళదని అడిగాడు. తొమ్మిదేళ్ళదన్నాను. మందులు పూర్తిగా వాడాడా అన్నాడు. నేనే మింగించానన్నాను. పాత ఫిల్ములు ఉన్నాయా అన్నాడు. ఉన్నాయి, దాచిపెట్టాం అన్నాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు, ఆ పాత ఫిల్ములు, దవాఖాన నుంచి ఒక చీటీ చూపించి ఉంటే మానిన మచ్చకు సాధారణంగా ఆపరట. మహా అయితే ఇక్కడి దవాఖాన ఒకటి చూసుకుంటామని రాసివ్వాలట. ఆయన చేతి మీదుగా అట్లా వచ్చిన వాళ్ళు ఉన్నారట.

నేను నర్సును అన్నా. రోజూ నలుగురి ఎక్స్‌రేలు పట్టుకుని డాక్టర్ల వెంట తిరిగే దాన్ని. ఒక్కరిని, ఒక్క డాక్టరును అడిగి ఉంటే చెప్పేవాడు. సిగ్గుపడి అడగలేదు. మన ఇంట్లో దాచినట్టే ఇక్కడా దాచాను. వకీలు ఆఫీసు నుంచి బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను, దిగి వెనక్కి నడిచాను. ఆ రోజు నుంచి నిద్ర లేదు. డ్యూటీలో ఒక పేషెంటుకు ఇచ్చిన మందే మళ్ళీ ఇవ్వబోతే లీలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. భయపడకండి, ఏమీ కాలేదు. నేను బాగానే ఉన్నాను.

ఇంకొక్కసారి అడగవచ్చన్నాడు వకీలు. మార్చి నెలాఖరు లోపల పంపాలి. ఈసారి మొత్తం నిజం ఉండాలన్నాడు, ఎవరి ఆలోచన, ఎవరు నిలబడ్డారు, అన్నీ. నా వంతు నేను రాసి సంతకం పెట్టాను. దాంతో నా గ్రీన్ కార్డుకే ముప్పు రావచ్చన్నాడు, రానీ అన్నాను. రెండో కాగితం నీది. నువ్వే ఆయన బదులు నిలబడ్డావని, విరిగిన ఎముక నీదని నోటరీ ముందు సంతకం చేయాలి. ఈ కవరులోనే పెట్టాను. ఇది మీ డిపో దాకా పోతుందా అని అడిగాను. పోదనుకుంటున్నాను, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. నువ్వు సంతకం చేసినా మాఫీ ఇస్తారని కూడా మాట ఇవ్వలేనన్నాడు. నీకు ఏదీ దాచకుండా రాస్తున్నాను, దాచింది చాలు.

నిన్ను అడగవద్దని మీ బావ నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఈ రోజు తప్పుతున్నాను. నీ ఇద్దరు పిల్లలు నా కళ్ళ ముందే ఉన్నారు. చాంద్రాయణగుట్ట దగ్గర మీరు కడుతున్న ఇంటికి ఇంకా కప్పు పడలేదని తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను. నువ్వు కాదంటే కోపం రాదని రాయబోయాను. అబద్ధం, వస్తుంది. కొన్నాళ్ళు వస్తుంది, తర్వాత పోతుంది, ఎందుకంటే తప్పు నాది. ఆయన లేకుండా ఇక్కడ ఉండలేను, ఆయన కోసం వదిలేసి వస్తే ఆయన తన వల్లే అంతా పోయిందని కుమిలిపోతాడు. నాకు ఏ దారీ కనపడడం లేదు. ఈ బరువు నీ భుజం మీద పెట్టడం తప్ప నాకు చేతనైంది లేదు.

అమ్మకు, వదినకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. పాస్టరు గారికి, గుళ్ళో పెద్దలకు నా మాటగా వందనాలు చెప్పు, వాళ్ళు అడిగితే పేపర్లు నడుస్తున్నాయని చెప్పు. మీ బావను ఆదివారం భోజనానికి పిలువు, తనంతట తాను రాడు. మీ అందరి ప్రార్థనలో నన్ను మరవకండి, నేనైతే ఈ మధ్య ప్రార్థన చేయలేకపోతున్నాను.

ఒక్క మాట అన్నా. కాదు అని మాత్రం రాయవద్దు. నీ చేతి రాతతో ఆ మాట చదవలేను. సంతకం పెట్టలేకపోతే ఈ కాగితం పొయ్యిలో వేసి, నాకు మామూలు ఉత్తరం రాయి. వాన పడిందని, చిన్నది బడికి పోనని ఏడ్చిందని, అమ్మ కులాసా అని రాయి. అది చదివి అర్థం చేసుకుంటాను, తిరిగి అడగను. కానీ రాయడం మానకు.

నీ చెల్లెలు
సుగుణ