మెషీను సున్నా అని చెప్పిన పూట

అల్లిపురం,
విశాఖపట్నం.

అప్పకీ బావకీ దండాలు పెట్టి పైడితల్లి రాస్తన్నది. నాను బాగున్నాను. తమ్ముడు సింహాద్రి కూడా బాగున్నాడు. కింద ఏటి రాసినా ఈ రెండు ముక్కలూ నిజమని ముందే నమ్మీ.

ఐసు లారీ మీద వచ్చిన మన పేటవాళ్ళు చెప్పారు, తమ్ముడు సముద్రంలో పడిపోనాడని అక్కడ అనుకుంటన్నారట, అమ్మ అన్నం ముట్టట్లేదట. పడలేదు, అప్పా. ఇది రాస్తంటే నా ఎదురుగా గోడకి చేరబడి కూకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటన్నాడు. తొక్కలన్నీ నా చాప మీదే పోస్తన్నాడు. అమ్మకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు. అమ్మ మోకాళ్ళు ఎలగున్నాయి? నీ గుంటలిద్దరూ బడికి వెళ్తన్నారా? బావ కొత్త వల దించాడా? అన్నీ రాయి. నువ్వు రెండు ముక్కలు రాసి ఆపీస్తావు, నాకు సరిపోదు.

ఇక్కడ ఉక్కపోత చెప్పలేను. బట్టలు ఆరేస్తే సాయంత్రానికి రేవు నుంచి వచ్చిన ఎర్ర దుమ్ము పట్టీస్తాది. తెల్ల జాకెట్లు తొడగడం మానీసాను. ఇంటి ముసలమ్మగారు మంచివారే గానీ నీచు గుమ్మం తొక్కనివ్వరు. ఆదివారం సింహాద్రి వాళ్ళ గదికి వెళ్ళి చేపల పులుసు తినొస్తాను. మిగతా రోజులు మెస్సు సాంబారు. ఆఫీసులో రోజంతా 'నేను, నేను' అని మాటాడి నోరు నొప్పెడతాది. నీకు రాసేటప్పుడే 'నాను' అనుకుంటాను. మరేటీ బెంగ లేదు. ఉన్నా పనిలో పడితే మర్చిపోతాను.

నా పనేటని నువ్వు ఎప్పుడూ అడుగుతావు. సరిగ్గా చెప్పనేలేదు. ఇంజనీర్లు లెక్క ఇస్తారు. కొన్ని లెక్కలకి జవాబు తిన్నగా రాదు. అప్పుడు ముందు ఒక జవాబు ఊహించుకోవాల. అది ఎంత తప్పో చూసుకుని, ఆ తప్పుని బట్టి ఇంకొంచెం దగ్గరి జవాబుకి జరగాల. మళ్ళీ చూడాల, మళ్ళీ జరగాల. పడవ ఒక పక్కకి ఒరిగితే బావ వల గుట్టని కొంచెం జరిపి చూసి, మళ్ళీ జరిపి, సమానం అయ్యేదాకా చేస్తాడు చూడు, అలగ. మనిషి చేస్తే ప్రాణం విసుగుతాది. కంప్యూటర్ మెషీను బేగి చేసీస్తాది. ఏది ముందు ఏది వెనక చెయ్యాలో నాను రాసి, అట్ట కార్డుల మీద కన్నాలు కొట్టించి, ఆ కట్ట తీసుకెళ్ళి మెషీనుకి తినిపిస్తాను. మెషీను మా కంపెనీది కాదు. మా వంతు వచ్చినప్పుడు వెళ్ళాల. ఆ గదిలో ఎంత చలంటే శాలువా కప్పుకుని కూకుంటాను. బయట జనం చెమటలు కక్కుతుంటే నాను శాలువా మోసుకుని వెళ్తంటే నవ్వుతారు.

ఇప్పుడు సంగతికి వస్తాను. మా కంపెనీ బొగ్గు ఓడలకి జెట్టీ కడతంది. జెట్టీ కాళ్ళ కోసం ఒడ్డున పెద్ద సిమెంటు పెట్టె పోసారు. మన పేటలో బడి ఉంది కదా, దానికంటే పొడుగు. లోపల అంతా బోలు. దాన్ని నీళ్ళలో తేల్చి, టగ్గు పడవలతో లాక్కెళ్ళి, చోటు చూసి ఇసక నింపి ముంచీస్తారు. అంత సిమెంటు ఎలగ తేలుతాదని నువ్వంటావు. తేలుతాది. లోపలి గదుల్లో కొంత నీరు ఉంచితే అడుగు బరువై నిటారుగా నిలబడతాది. అయితే దారిలో ఒక ఇసక మేట ఉంది. అక్కడ లోతు చాలదు. మేట దగ్గర పంపులతో లోపలి నీళ్ళు తోడీసి పెట్టెని పైకి లేపి దాటించాల. పెద్ద పోటు ఉన్న రోజునే అది కుదురుతాది.

పోయిన పున్నమి పోటుకి అంతా సిద్ధం చేసారు. తాళ్ళు చూసుకోడానికీ పంపులు తిప్పడానికీ కలాసీలు పెట్టె మీదే ఉండాల. కలాసీల పెద్ద సారంగు దాలయ్య. ఆయన గుంపులోనే మన సింహాద్రి. పొద్దున్న పెట్టె నీళ్ళలోకి దిగింది. పంపుల వరస కొంచెం మారిందని, ఆ కొత్త అంకెలతో ఇంకోసారి లెక్క వేయించి కాగితం ఫైల్లో పెట్టమని నన్ను మెషీను దగ్గరికి పంపించారు. ఊరికే లాంఛనం.

కాగితం వచ్చింది. పెట్టె ఏ దశలో ఎంత ఒరుగుతాది అంటే అన్ని చోట్లా సున్నా. బాగుందని మడతపెట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. మామూలుగా మెషీను నాలుగైదుసార్లు తడుముకుంటే గానీ జవాబు దగ్గరికి రాదు. ఇక్కడ ఒక్క అడుగూ వెయ్యలేదు. ఎందుకంటే బొంబాయి ఆఫీసు నుంచి వచ్చిన ఆ ప్రోగ్రాంలో మొదటి ఊహ ఎప్పుడూ సున్నానే. రెండు పక్కలా సమానంగా ఉన్న పెట్టెకి సున్నా ఎప్పుడూ సరిపోతాది. తెడ్డుని అరచేతిలో నిటారుగా నిలబెడితే ఒక్క క్షణం నిలబడతాది కదా. మెషీను ఆ క్షణాన్ని చూసి సరే అంది. గాలి తగిలితే మళ్ళీ నిటారుకి వస్తాదా రాదా అని దాన్ని ఎవరూ అడగలేదు.

ఒక్క కార్డు మార్చాను. కొంచెం ఒరిగిన చోటు నుంచి మొదలెట్టమన్నాను. కార్డు లోపల నలిగిపోయింది. మళ్ళీ కొట్టించాను. ఈసారి కరెంటు పోయింది. కరెంటు వచ్చి, మెషీను లేచి, కట్ట లోపలికి వెళ్ళేసరికి నా అరచేతులు ఆ చలిలో తడిసిపోయాయి. లోపల నీళ్ళున్న దశలన్నీ తిరిగి సున్నాకే వచ్చాయి. మేట దగ్గర నీళ్ళు తోడీసిన దశ రాలేదు. ఒక్కో వరసకీ ఒరుగు పెరిగింది. పెరిగి పెరిగి, పెట్టె మూల మునిగేంత ఒరిగి అక్కడ ఆగింది. ఇంకో చోటు నుంచి మొదలెట్టాను. మళ్ళీ అక్కడికే.

రేవు ఆఫీసుకి ఫోను కలవలేదు. రిక్షా ఎక్కి, "బేగి పోనీ బాబూ, బేగి" అంటూ ఒడ్డుకి చేరాను. పెట్టె అప్పటికే ఓడలు వచ్చే కాలవ మధ్యలో ఉంది. పైన మనుషులు చీమల్లాగున్నారు. సింహాద్రి ఎర్ర తువ్వాలు గుర్తుపట్టాను.

చలపతిరావు గారని మా పెద్ద ఇంజనీరు, వాకీటాకీ పట్టుకుని జీపు పక్కన నిలబడి ఉన్నారు. ఎప్పుడూ కసరరు. ఆ రోజు మాత్రం మొహం బిగుసుకుపోయి ఉంది.

"సార్, మేట దగ్గర నీళ్ళు తోడించకండి. పెట్టె నిలబడదు."

"ముందు వేసినప్పుడు సున్నా అనే కదా వచ్చింది?"

"సున్నా నుంచి మొదలెడితే సున్నా. కొంచెం ఒరిగిన చోటు నుంచి మొదలెడితే ఇది." కాగితం చూపించాను.

ఆయన చూసి తల అడ్డంగా ఊపారు. "అమ్మాయ్, ఈ పద్ధతి సంగతి నీకు తెలీదా? మొదటి ఊహ చెడితే ఎక్కడెక్కడికో పోయి ఏదో అంకె దగ్గర ఆగుతుంది. దాని కోసం ఇంత పోటు వదులుకోమంటావా?"

అదీ నిజమే, అప్పా. అలగ జరుగుతాది. "అయితే మెషీనుని పక్కనపెట్టి చేత్తో చూద్దాం సార్. ఒక్క డిగ్రీ ఒరిగితే దాన్ని లేపే బలం ఎక్కువా, పడదోసే బలం ఎక్కువా? అంతే చూద్దాం."

ఆయన జేబులోంచి లెక్కలు వేసే స్లైడ్ రూలు తీసారు. జీపు బానెట్ మీద కాగితం పరిచాం. గాలికి ఎగిరిపోతుంటే నా మోచెయ్యి పెట్టాను. బానెట్ కాలుతంది. ఆయన మెల్లిగా లెక్క వేసుకుంటూ వచ్చారు.

"లోపల అడుగున మిగిలే నీళ్ళు?"

"అవి కదలకుండా ఉండవు సార్. ఒరిగిన పక్కకే జారతాయి."

పడదోసే బలమే ఎక్కువని తేలి ఆయన చెయ్యి ఆగింది. అప్పుడే వాకీటాకీలో దాలయ్య గొంతు వినిపించింది. "మేటకొచ్చీసాం బాబూ. పంపులు ఆన్ సేసీసాం."

చలపతిరావు గారు నీళ్ళ వైపు చూసారు. "ఇప్పుడు ఆపితే మేట మీద కూలబడుతుంది. మళ్ళీ ఇంత పోటు పదిహేను రోజులకి గానీ రాదు."

"సార్, పైన మా తమ్ముడున్నాడు."

ఆయనకి ఆ సంగతి తెలీదు. నా వైపు తిరిగి, "అందుకేనా నీకు లెక్క అలా కనిపిస్తోంది?" అన్నారు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. "లెక్కకి తమ్ముడు లేడు సార్. ఇప్పుడు వేసింది మీ చెయ్యే కదా."

ఆయన వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నారు. "దాలయ్యా, పంపులు ఆపు. వాల్వులు తెరిచి నీళ్ళు లోపలికి వదులు."

"ఏటి బాబూ? ఇప్పుడా? మేట మీద కూకుండిపోతాది!"

"కూచోనీ. వదులు!"

అప్పటికే పెట్టె ఒరగడం మొదలెట్టింది. ముందు నాకే అలగ కనిపిస్తందేమో అనుకున్నాను. తరవాత ఒడ్డున జనం అరిచారు. పైన వాళ్ళందరూ ఎత్తు పక్కకి పాకుతన్నారు. ఒక ఎర్రటిది జారి నీళ్ళలో పడింది. అది తువ్వాలే, అప్పా. మనోళ్ళెవరో అది చూసి మనిషనుకుని ఊళ్ళో చెప్పారు గావాల. సింహాద్రి ఇనప కడ్డీ పట్టుకుని వేలాడి, మళ్ళీ కాలు నిలదొక్కుకున్నాడు. నీళ్ళు లోపలికి వెళ్ళిన కొద్దీ పెట్టె బరువెక్కి, మెల్లిగా సర్దుకుని, మేట మీద దబ్బున కూకుంది. లాంచీ వెళ్ళి అందర్నీ దింపుకొచ్చింది.

తరవాత రోజులు ఎలగ గడిచాయో అడక్కు. బొంబాయి నుంచి కంపెనీ పెద్దాయన వచ్చి బల్ల గుద్ది అడిగారు, ఎవరు ఆపమన్నారని. నాను లేవబోతే చలపతిరావు గారు చేత్తో కూకోమని సైగ చేసి, "నేను ఆపమన్నాను" అన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. అల తగిలి ఒరిగింది, మీ భయమే తప్ప ఏమీ లేదన్నారు. దాంతో పోటు వేళ చూసి పెట్టెని మేట మీంచి వెనక్కి, కదలని నీళ్ళలోకి లాగి, నాలుగు పక్కలా తాళ్ళు కట్టి, మనిషన్నవాడు లేకుండా ఒడ్డు నుంచే పంపులు నడిపి నీళ్ళు తోడారు. అందరం ఒడ్డున నిలబడ్డాం. అల కూడా లేదు. పెట్టె పైకి లేచింది, కాసేపు నిలబడింది, ఒక పక్కకి వంగడం మొదలెట్టి, వంగి వంగి అలగే ఉండిపోయింది. పెద్దాయన నా లెక్క కాగితం అడిగి తీసుకున్నారు. సింహాద్రి నా పక్కన నిలబడి, మునిగిపోయిన మూల వైపు చూస్తూ, "మొన్న నాను నిలబడింది ఆడే" అన్నాడు.

ఆ తరవాత పెట్టెకి రెండు పక్కలా ఖాళీ ఇనప పీపాలు గుత్తులుగా కట్టాలని ఆలోచించారు. వాటితో పెట్టె వెడల్పు పెరిగి నిలకడ వస్తాది. చలపతిరావు గారు నన్ను పిలిచి, "ఈసారి ఎక్కడ నుంచి మొదలెట్టాలో నువ్వే చెప్పు" అన్నారు. నాను ఎడం పక్క నుంచి, కుడి పక్క నుంచి, కొంచెం ఒరిగి, బాగా ఒరిగి, అన్ని చోట్ల నుంచీ మొదలెట్టించాను. ప్రతి దశా తిరిగి నిటారుకే వచ్చింది. చేత్తో కూడా వేసాం. లెక్క కింద ఆయన పేరు పక్కన నా సంతకం కూడా పెట్టించారు. సంతకం పెట్టాక నాకు నిద్ర కరువైపోయింది. మెషీను చెప్పింది, చెయ్యి చెప్పింది. సముద్రం ఇంకా చెప్పలేదు కదా.

మొన్న అమావాస్య పోటు. సింహాద్రిని ఈసారి ఒద్దన్నాను. "నువ్వేసిన లెక్క నువ్వే నమ్మకపోతే మిగతావోళ్ళు ఎలగెక్కుతారు?" అన్నాడు. ఏటి చెప్పమంటావు? చెప్పులు విడిచి, కొంగు బిగించి, నానూ లాంచీ ఎక్కీసాను.

దాలయ్య నిచ్చెన దగ్గర అడ్డం నిలబడ్డాడు. "నీకేటి పని పైన? ఆడగుంటవి, దిగు."

"నా లెక్క మీద మీరు నిలబడతన్నారు, బాబాయ్. నాను నేల మీద నిలబడితే ఎలగ?"

ఆయన నా మొహం వైపు చూసి, "కాలు జారితే అరవకు. అరిస్తే ఈ కుర్రోళ్ళు బెదిరిపోతారు" అని నిచ్చెన వదిలాడు.

మేట వచ్చింది. పంపులు మొదలయ్యాయి. కాళ్ళ కింద సిమెంటు వణికింది. పెట్టె పైకి లేచింది. అప్పుడు యారాడ కొండ పక్క నుంచి ఒక పెద్ద అల వచ్చి తగిలింది. పెట్టె సముద్రం వైపు ఒరిగింది. ఒరుగుతంది, ఆగట్లేదు. పీపాలు ఒక పక్క నీళ్ళలోకి దిగాయి. సింహాద్రి నా మణికట్టు పట్టుకున్నాడు. వాడి గోళ్ళు దిగినా నొప్పి తెలీలేదు. అందరూ కదలకుండా నిలబడిపోయారు. ఆగింది. ఆగి అలగే ఉంది. ఇంకా అలగే ఉంది. తరవాత, ఎవరో చెయ్యి ఆనించి లేపినట్టు, వెనక్కి రావడం మొదలెట్టింది.

దాలయ్య నా చేతికిచ్చిన వాకీటాకీలో చలపతిరావు గారు అరుస్తన్నారు. "ఎంత ఒరిగింది? పైడితల్లీ, ఎంత? చెప్పు!" నాను నోరు తెరిచేలోపే సింహాద్రి అది నా చేతిలోంచి లాక్కుని, "వచ్చీసింది బాబూ, నిటారైపోనాది" అన్నాడు.

పెట్టె మేట దాటింది. సాయంత్రానికి దాని చోటులో దింపీసారు. ఒడ్డుకి వచ్చి దిగాక ఇసకలో కూలబడ్డాను. దాలయ్య సోడా తెచ్చి చేతిలో పెట్టాడు.

నాను పెట్టె ఎక్కిన ముక్క మాత్రం అమ్మకి చదవకు. మిగతాదంతా చదువు. ఐసు లారీవాళ్ళ చేత ఎండు నెత్తళ్ళు పంపించు, ముసలమ్మగారికి వాసన తగలకుండా రెండు గుడ్డలు చుట్టి కట్టు. సింహాద్రికి ఒక తువ్వాలు కూడా పంపు. మేం వేళకి తింటన్నాం, బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకండి. పేటలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. గంగమ్మ తల్లికి మా ఇద్దరి పేరునా ఒక కొబ్బరికాయ కొట్టు. నువ్వూ బావా అక్కణ్ణించే దీవించండి. నీ గుంటలకి ముద్దులు.

రేపటి నుంచి రెండో పెట్టె లెక్క మొదలు. సింహాద్రి దాని మీద కూడా ఎక్కుతానంటన్నాడు. ఎక్కమన్నాను.

నీ చెల్లి
పైడితల్లి