మరీ వేగంగా తెరుచుకునే బ్రౌజర్

గురువారం, రాత్రి

మనుషుల్ని అనుమానించడం నాకు ముందే వచ్చు. ఇవాళ్టి నుంచి బ్రౌజర్లను కూడా అనుమానిస్తున్నాను.

చెల్లెలు స్వాతికి నర్సింగ్ సీటు రావాలంటే కావలసిన కాలేజీల వెబ్ ఆప్షన్లు రేపు మధ్యాహ్నంలోపు సైట్‌లో పడాలి. అడవి పక్క ఊరు మాది, సిగ్నల్ ఒక్క గీత. పాత బ్రౌజర్ పాకుతోందని నిన్న మా దోస్తు రమేశ్‌గాడు నా ఫోన్ లాక్కుని కొత్తది ఎక్కించాడు. "గిది పెట్టుకో మామా, కన్ను మూసి తెరిచేలోపు వస్తది" అన్నాడు. ఆప్షన్లు అందులోనే పెట్టాం.

సాయంత్రం సరిచూద్దామని తెరిస్తే, నిజంగానే రెప్పపాటులో వచ్చేసింది. మొదట ఖమ్మం కాలేజీ, తర్వాత భద్రాచలం. స్వాతి మురిసిపోయింది. నాకు మాత్రం భయమేసింది. ఒక్క గీత సిగ్నల్ మీద ఇంత జల్దీ ఎక్కడి నుంచి తెచ్చింది?

పాతదానిలో తెరిచాను. స్వాతి అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా అది తిరిగి తిరిగి, చివరికి ఖాళీ జాబితా చూపించింది. అంటే నిన్నటి ఆప్షన్లు పడనే లేదు. కొత్తది తన దగ్గర దాచుకున్న పేజీనే మళ్లీ చూపిస్తోంది.

పాతదానిలోనే మళ్లీ పెట్టాం. ఈసారి పడ్డాయని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది.

"రమేశ్ అన్న పెట్టిన బ్రౌజర్‌ను ఎందుకంటవ్ అన్నా? పడ్డయా అని నిన్న నేనడిగితే, నువ్వు సూడకుంటనే 'అవ్, పడ్డయ్' అన్నవ్ గదా!" అంది స్వాతి.

బ్రౌజర్‌ను తీసేశాను. నా సంగతే ఇంకా తేలలేదు...