అరిస్తే ఇరవై సార్లు

మహిత మేడంగారికి,

లిలువా రైల్వే క్వార్టర్స్ నుంచి ఝాన్సీ వాళ్లమ్మ నమస్కరించి రాస్తున్నాను. పాప ఈ వారం ఇంగ్లీషు ట్యూషన్‌కు రాదు. కుడిచేతి వేళ్లు తలుపు సందులో పడి నలిగాయి. ఎముకలు విరగలేదని డాక్టరు చెప్పినా, నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మీరు రాసిచ్చిన ‘వావ్, ఊప్స్, ఔచ్’ కాగితం ఆ తలుపుకే అంటించాను. కలకత్తాలో పెద్ద బడి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ‘ఓలమ్మో’ అంటే నవ్వుతారని నా భయం. అందుకే ఇంట్లో ఎవరు తెలుగులో అరిచినా ‘ఔచ్’ అని ఇరవై సార్లు రాయాలన్నాను. ఆ శిక్ష మీరు పెట్టమనలేదు, నేనే పెట్టాను.

వేళ్లు నలిగినప్పుడు పిల్ల అరవలేదు. పెదవి కొరుక్కుంటూ కాగితం వంక చూసి, “అమ్మా, దీనికేటనాలి?” అంది.

“ఓలమ్మో, నా తల్లో!” అని నేనే గొల్లుమన్నాను.

టోటో బండిలో ఆస్పత్రికి వెళ్తుంటే, కళ్లనిండా నీళ్లతో నా చెవిలో అంది: “నువ్వూ ఇరవై సార్లు రాయాల కదేటమ్మా?”

రాయడానికే కూర్చున్నాను మేడం. ఒక్కసారి రాసేసరికి చెయ్యాగిపోయింది. ఆ ఒక్క ‘ఔచ్’ రాసిన కాగితం వెనకే మీకీ ఉత్తరం రాస్తున్నాను.