మీటరు చూపని ఉప్పు

అత్తయ్యకి,

నమస్కారాలు. నేను బాగానే ఉన్నానని రాయాలి కాబట్టి రాస్తున్నాను. బుజ్జిదానికి ముద్దులు.

ఇక్కడి పని మీకు తెలిసిందే. అద్దాలు ఎండను గొట్టాల మీదికి మళ్ళిస్తాయి, ఆ వేడికి సముద్రపు నీరు మరుగుతుంది, ఆవిరి చల్లబడి మంచినీళ్ళవుతుంది. వాన ముఖం చూడని మన ఊరికి అవే ప్రాణం. రోజూ మొదటి గ్లాసు నేనే రుచి చూస్తాను. మూడు నెలలుగా అవి నాకు ఉప్పగా ఉంటున్నాయి. మీటరులో చూస్తే ఉప్పు సున్నా. ఫిట్టరు తాగి, "చప్పగా ఉన్నాయి కదమ్మా, నీ నాలుకకేమొచ్చింది?" అని నవ్వాడు. మొన్న గ్లాసు పెదవికి తాకకముందే గోరువెచ్చటి ఊపిరి తగిలింది. ఆ ఊపిరి నాకు తెలుసు.

ఇక దాచలేను అత్తయ్యా. మీ అబ్బాయిని అల లాక్కుపోలేదు. నీళ్ళు పీల్చే గొట్టం మూతికి పట్టిన నాచు గీకడానికి సముద్రంలోకి దిగేముందు ఆయన తన ఇత్తడి బిళ్ళను బోర్డుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ళ ఉంటే పంపు వేయకూడదు. మూడు నెలల కిందట ఆ ఉదయం బోర్డు మీద బిళ్ళ ఉంది. నేను చూశాను. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి, తీసుకోవడం మరిచిపోయాడులే అనుకున్నాను. ఎండ ఎక్కేసింది, ఊరి ట్యాంకు ఖాళీగా ఉంది. పంపు వేశాను. గొట్టం ఒక్కసారి మూలిగింది. తర్వాత మామూలుగానే నడిచింది. ఆ బిళ్ళ నేనే తీసి దాచాను.

ఎల్లుండి పంపు ఇక లేవకుండా విరగ్గొట్టి, మేనేజరుకి అంతా చెప్పేస్తాను. ఆయన్ని ఊరిచేత తాగించలేను. ఈ ఉత్తరం ట్యాంకరు డ్రైవరు చేతికిస్తున్నాను. బుజ్జిదాన్ని మీరే చూసుకోవాలి.

మీ కోడలు

* * *

అమ్మాయీ,

డ్రైవరు గుమ్మంలోనే నిలబడ్డాడు, పొడుగ్గా రాయలేను. నీ ఉత్తరం చదివాను. క్షమించానని రాయడానికి చెయ్యి రావడం లేదు. కన్నదాన్ని కదా. మేనేజరుకి చెప్పు, చెప్పి తీరాలి. కానీ పంపు జోలికి పోకు.

నీళ్ళు నాకూ ఉప్పగానే ఉన్నాయి. ముసలి నోరు కదా అని సరిపెట్టుకున్నాను. బుజ్జిదానికి మాత్రం తియ్యగా ఉన్నాయట, గ్లాసు మీద గ్లాసు తాగుతోంది. తాగేముందు గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఏం వింటున్నావే అని నిన్న అడిగాను. "నాన్న ఇంటికొచ్చేస్తున్నాడు నానమ్మా. కాళ్ళు వచ్చేశాయంట. చేతులింకా రావాలంట" అంది.

వాడు మొత్తం వచ్చేదాకా పంపు ఆపకు.

అత్తయ్య