పద్దెనిమిది బెంచీలు

అమ్మకు,

నమస్కారాలు. నేనూ అమ్మమ్మా బాగున్నాం. ఈసారి ఆ మాట మర్యాదకు రాయలేదు. ఆసుపత్రిలో రోజంతా గ్లవ్సు ఒరుసుకుని నీ వేళ్ళ మీద లేచిన పొక్కులు తగ్గాయా? వేళకు తింటున్నావా?

నీ ఉత్తరం అందింది. నేను పనిచేసే లైబ్రరీ ఇంకా తెరవలేదు. అందాకా వేసిన వార్డు ఆఫీసులోనే ఉన్నాను. పని మీద బయట తిరిగేవాళ్ళకు అనుమతి చీటీలు రాస్తున్నాను.

ఫోన్లో అమ్మమ్మ గొంతు బొంగురుగా ఉంది, జలుబా, జ్వరం చూశావా అని అడిగావు. జ్వరం లేదు. అరిచి అరిచి అలా అయింది. ఎందుకు అరిచిందో ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా జనం మధ్య నిలబడ్డ మనిషి, లాక్‌డౌన్‌కు అందరం తలుపులు మూసుకున్న రెండో నెలకు మాట మానేసింది. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. కంచం పెడితే పక్కకు జరిపేది. ఫోన్లో నీకు "ఊఁ" అని ఊరుకుంటే, నిద్రమత్తు అని నేనే సర్దిచెప్పాను. అక్కడ నీకున్న దిగులు చాలదా అనుకున్నాను.

అప్పుడే మన వీధి చివర తాళం వేసిన పార్కులో తోటమాలి, ఒక్కడే నీళ్ళు పట్టలేక సాయానికి మనిషి కావాలని ఆఫీసుకు వచ్చాడు. అమ్మమ్మ పేరున చీటీ రాశాను.

మొదటిరోజు అమ్మమ్మ పైపు పట్టుకుని ఒక చెట్టు కింద అలాగే ఉండిపోయింది. నీళ్ళు పాదాలు తడిపినా కదల్లేదు. తోటమాలి కంగారుపడ్డాడు.

"ఏం కాలేదులే. చెట్టునీడ ఎలా ఉంటుందో మర్చిపోయాను," అంది.

మూడు వారాల్లో తను మాట్లాడిన పెద్ద మాట అదే.

వారం తిరిగేసరికి బయట ఊచలు పట్టుకుని లోపలికి చూసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకావిడ ఊరికే చెట్లను చూస్తూ ఏడ్చింది. అమ్మమ్మ పైపు కింద పడేసింది.

"బెంచీలెన్ని?" అని తోటమాలిని అడిగింది.

"పద్దెనిమిదమ్మా."

"అయితే పద్దెనిమిదిమంది. మనిషికో బెంచీ, అరగంట. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. గేటు తియ్!"

"నా ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడితే నా పేరు చెప్పు."

పాత క్యాలెండరు చించి టికెట్లు చేసింది. సాయంత్రాలు నేను వెళ్ళి అందరి పేర్లు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ పుస్తకంలో రాసేదాన్ని. ఇక ఆ కేకలు విను: "మాస్కు గడ్డానికి కాదయ్యా, ముక్కుకి!" "ఏమ్మా, అరగంటయింది, దిగు! అక్కడే ఇల్లు కడతావా?"

మొన్న పార్కుల అధికారి వచ్చాడు. అమ్మమ్మ చీటీ చూశాడు, తెల్లజుట్టు చూశాడు.

"ఈవిడకి యాభై ఎనిమిదేళ్ళా?"

అమ్మమ్మ నోరు తెరవబోయింది.

"డెబ్బై రెండండీ," అన్నాను నేను. "అరవై దాటితే చీటీ ఇవ్వరని తెలిసే తప్పు రాశాను. ఆవిడకి తెలియదు."

బళ్ళో నేను హాజరు పలికితే టీచరుకు వినపడేది కాదు, గుర్తుందా? మొన్న నా గొంతు క్యూలో చివరివాళ్ళకు కూడా వినపడిందట. పుస్తకం తెరిచి ఆయన చేతిలో పెట్టాను.

"తాళం వేసేముందు ఇది చదవండి. ఒక్కరు కూడా ఇంకొకరి పక్కన కూర్చోలేదు. ఈవిడ మూడు వారాలు గోడను చూస్తూ పడుకుంది. ఇలాంటివాళ్ళు ఎన్ని ఇళ్ళలో ఉన్నారో మీకు తెలుసా?"

ఆయన చాలాసేపు చదివాడు. పుస్తకం మూసి లోపలికి నడవబోయాడు.

"టికెట్టేదీ?" అంది అమ్మమ్మ.

అమ్మా, ఆయన వెళ్ళి క్యూలో నిలబడ్డాడు!

నిన్న ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో పార్కులన్నీ రేపటినుంచి ఇదే పద్ధతిలో తెరుస్తారు. తప్పు వయసు రాసినందుకు నాకు మెమో కూడా వచ్చింది. "ఒక్కటేనా? కండక్టరుగా ఉండగా నాకు ఏడొచ్చాయి," అంది అమ్మమ్మ.

ఇక దాచిన మాట. ప్రతి ఉత్తరంలో "మా అమ్మను గడప దాటనివ్వకు" అని రాస్తున్నావు. దాటనివ్వడం లేదని రెండుసార్లు జవాబు రాశాను. రెండూ అబద్ధాలే. నర్సువి, నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని. అందుకే అడగలేదు. అబద్ధమాడినందుకు క్షమించు. పంపినందుకు మాత్రం క్షమాపణ అడగను.

ఇదంతా అమ్మమ్మకు చదివి వినిపించాను. "మీ అమ్మ సంగతి నాకొదిలెయ్యవే. దాన్ని కన్నది నేనే," అంది.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ కూతురు