అయిదు స్విచ్చుల పేర్లు

శామీర్‌పేట,
బుధవారం

రిదా ఆపా,

నీ చెల్లెలి సలాం. యాప్రాల్‌లో నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో నేను ఫోనెత్తితే మా అత్త షహజాది బేగం స్పీకర్ పెట్టమంటుంది. ఈ కాగితమైతే ఎవరూ చదవరు. అత్తకు చదువే రాదు. మా ఆయన, అదే మీ మరిది ముజమ్మిల్‌ది ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవలేడు. మా మామ మన్నాన్ సాబ్ ఉర్దూ తప్ప వేరే అక్షరం ముట్టరు. మన రావల్కోల్ బడిలో అయిదో తరగతి దాకా నేర్చుకున్న తెలుగే ఇప్పుడు నాకు తలుపున్న గది.

ఇల్లు బాగుచేస్తున్నారని చెప్పాను కదా. సోఫా సెట్టు పట్టాలని ముందు గోడ కొట్టేశారు. పాత కరెంటు బోర్డు ఆ గోడకే ఉండేది, తెల్ల పింగాణీ ఫీజులతో. దాన్ని తీసేసి వంటగది పక్కన నడవలో కొత్త ఎంసీబీ స్విచ్చుల బాక్సు పెట్టించారు. పని మొత్తం మేడ్చల్ నుంచి వచ్చే పరమేశ్ అన్న చేశాడు. మీ మరిది టార్చి పట్టుకున్నాడు. అదీ సరిగ్గా పట్టలేదు. "గోడకు కాదు సార్, నా చేతుల మీద కొట్టుండ్రి లైటు" అని పరమేశ్ అన్న రెండుసార్లు అనాల్సి వచ్చింది. అయినా బౌరంపేటలో ప్లాట్లు అమ్మే తన ఆఫీసు వాళ్లందరికీ "బోర్డు నేనే షిఫ్ట్ చేసిన" అని చెప్పుకుంటున్నాడు.

పాత బోర్డులో ఇల్లంతటికీ ఒకటే స్విచ్చు. కొత్తదాంట్లో మెయిన్ కాక అయిదు చిన్న స్విచ్చులు, ఒక్కో చోటుకు ఒక్కటి. పరమేశ్ అన్న వెళ్తూ, "పెద్దాయనా, పేర్లు రాస్కోండ్రి. ఎడమ దిక్కు నుంచి మోటరు, గీజరు, హాలు, కిచెను, బెడ్రూము" అన్నాడు. మామ వెంటనే కలం తీశారు. ఆయన చేతిరాత ఎంత గొప్పదో ఈ వీధిలో ఇంకా తెలియనిది కుక్కలకే. అయిదు పేర్లూ ఒకే పొడుగు కాగితం పట్టీ మీద ఉర్దూలో వయ్యారంగా రాశారు. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కదా ఆపా. మోటరు కుడి చివరన పడింది, పడకగది ఎడమ చివరన. ఆ పట్టీని అలాగే స్విచ్చుల కింద అంటించారు. పరమేశ్ అన్నకు ఉర్దూ రాదు. "మస్తు రాసిండ్రు" అని సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తర్వాత మీ మరిది పరీక్ష చేశాడు. నడిమి స్విచ్చు ఒక్కటి దించాడు. హాల్లో లైటు ఆరింది. ఎటు నుంచి లెక్కపెట్టినా హాలు నడుమనే ఉంటుంది! "పర్ఫెక్ట్" అన్నాడు. అత్త దిష్టి తీసింది.

మరునాడు వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను తుడుద్దామని, ఖురాన్ కోసం నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని, పట్టీ మీద వంటగది అని ఉన్న స్విచ్చు దించాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బాత్రూంలో గీజర్ ఎర్ర లైటు ఆరిపోయింది. ఎవరూ లేనప్పుడు అయిదూ దించి ఎత్తి చూశాను. నడిమిది తప్ప అన్నీ తారుమారు.

చెబుదామని హాలు గుమ్మం దాకా వెళ్లాను. మీ మరిదీ, ఆయన స్నేహితులు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మగవాళ్ల ముందు నా గొంతు లేవదని నీకు తెలుసు. "ఆ బాక్సు..." అన్నాను, అంతే.

"ఏందీ, భయమైతాందా? గా బాక్సు ముట్టకు. ఫిఫ్త్ క్లాసుల గీ పాఠం ఉండదు" అన్నాడు. స్నేహితులు నవ్వారు. నేను ఖాళీ చాయ్ కప్పులు ఏరుకుని వచ్చేశాను.

ఇవాళ్టికి వారం. ఆపా, ఈ మాట నీకొక్కదానికే. నేను చెప్పడం మానేశాను. భయపడి కాదు, మరిచిపోయి కాదు. ఆ పట్టీ ముందు నుంచి నడిచినప్పుడల్లా కడుపులో చల్లగా ఉంటోంది. ముగ్గురు తెలివిగలవాళ్లు, అయిదు స్విచ్చులు. ఒకటి దించి ఇంకోదాని తీగ ముట్టుకుంటే మనిషి పోతాడని తెలుసు. తెలిసే ఊరుకున్నాను. వాళ్లంతట వాళ్లే తెలుసుకోనీ. నేనైతే నోరు విప్పను.

యాప్రాల్‌కు కుట్టుపనికి వచ్చే పక్కింటి సహస్ర చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదివి చింపెయ్.

నీ
ఆతియా


శామీర్‌పేట,
ఆదివారం

ఆపా,

"చెప్పెయ్యవే మొద్దూ, మనిషి పోతే ఏం చేస్తవ్" అని నువ్వు రాసిన చీటీ సహస్ర నిన్న తెచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. తిట్టకుండా చివరిదాకా చదువు.

శుక్రవారం మామా, మీ మరిదీ నమాజు నుంచి వచ్చేసరికి బాత్రూం గోడకున్న గీజర్ స్విచ్చు కాలి వాసన కొడుతోంది. మామ పరమేశ్‌ను పిలుద్దామన్నారు. "నేనుండంగ వాడెందుకు?" అన్నాడు మీ మరిది. "నా కొడుకు ఇంజినీర్ల కంటే తక్కువనా?" అంది అత్త. ఆయన నడవలోకి వచ్చి, పట్టీ మీద గీజర్ అని ఉన్నదాన్ని దించాడు. నా వంటగదిలో ఫ్రిజ్ ఆగింది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగింది. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లాడు.

నేను కూర కలుపుతున్నాను. గరిటె ఆపలేదు. స్విచ్చు మూత స్క్రూ ఒకటి నేల మీద పడిన చప్పుడైంది. ఆయన ఈల వేస్తున్నాడు, పెద్ద మేస్త్రీలాగా. ఆ ఈల వింటే అసహ్యం ఇంకా పెరిగింది. రెండో స్క్రూ పడింది. అప్పుడూ నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆపా, ఇది నీకు చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను. ఈల ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. ఇక ఎప్పటికీ ఆగిందనుకున్నాను. అప్పుడు నా ఒళ్లు కదిలింది. పరుగెత్తి మెయిన్ గుంజి పడేశాను.

"ఎవర్రా బంద్ చేసింది?" అని అరిచాడు.

"నేనే! చెయ్యి తియ్యుండ్రి. పట్టీ ఉల్టా ఉన్నది. మీరు దించింది కిచెన్‌ది!"

నా గొంతు వీధిలోకి వినబడిందట. ఆయన నమ్మలేదు. నన్ను పక్కకు నెట్టి మెయిన్ ఎత్తాడు, వెళ్లి కరెంటు ఉందేమోనని తీగకు టెస్టర్ ఆనించాడు. వెలిగింది. టెస్టర్ కింద పడింది.

మామ ఫోన్ తీశారు. "ఆ పరమేశ్ బద్మాష్ వైర్లు ఉల్టా ఇచ్చిండు."

"పరమేశ్ అన్న ఎడమ నుంచి చెప్పిండు మామా. మీరు కుడి నుంచి రాసిండ్రు" అన్నాను.

మామ పట్టీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. "రాత మాత్రం బాగున్నది" అన్నారు. దాన్ని అయిదు ముక్కలు కోశారు, ఒక్క చుక్క చెడకుండా. నేను పక్కన నిలబడి ఏది ఎక్కడో చెప్పాను, ఆయన అంటించారు. ఈసారి అయిదూ దించి చూశాం.

సాయంత్రం చాయ్ ఇస్తూ మీ మరిదితో చెప్పాను. "నాకు తొమ్మిది దినాల సంది ఎరుక. కావాలనే చెప్పలే."

కప్పు గోడకేసి కొడతాడనుకున్నాను. పుట్టింటికి, రావల్కోల్‌కు పంపేస్తాడనుకున్నాను. పంపితే తప్పనే వీలు కూడా లేదు నాకు. ఆయన నవ్వాడు.

"నువ్వా? పాగల్. ఫ్రిజ్ బందైతే ఘబరాయించి మెయిన్ గుంజినవ్. ఇగ పెద్ద సైంటిస్టు లెక్క కథ చెప్తున్నవ్."

మళ్లీ చెప్పాను. ఏ రోజు ఏ స్విచ్చు దించి చూశానో కూడా చెప్పాను. "సరే సరే, చక్కెర తక్కువైంది" అన్నాడు.

ఆయన చావు చూస్తూ నిలబడ్డానని ఒప్పుకున్నా నమ్మలేడు ఆపా. అంత పని నా చేత అవుతుందని ఆయన ఊహకే రాదు. మామూలుగా అయితే దీనికి నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆయన తెలియక చేశాడు. నేను తెలిసి చేశాను. ఆయనను తక్కువగా చూసీ చూసీ అంతకంటే తక్కువకు దిగాను.

ఇక నుంచి ఏది తెలిసినా అప్పుడే చెప్పేస్తాను, ఎవరు కూర్చుని ఉన్నా, ఎంత నవ్వినా. ఆయన మారతాడని కాదు. ఆయనను చిన్నచూపు చూస్తూ కూడా కాపురం చేయగలను. కాని రెండో స్క్రూ పడ్డాక కూడా గరిటె తిప్పిన మనిషితో ఒకే ఒంట్లో బతకలేను.

నీ
ఆతియా