పొడి ఉప్పు నెత్తళ్ళకు, కల్లుప్పు పిల్లకు

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి సముఖమునకు, మచిలీపట్నం.

కృత్తివెన్ను మండలం, చినరేవుపాలెం కాపురస్తుడు, మత్స్యకార సంఘం కార్యదర్శి ఒడుగు గణపతి పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె చి. దివ్యశ్రీ, ఏడవ తరగతి, థైరాయిడ్ రక్తపరీక్ష తిరిగి చేయించి, మాత్ర వేయవలెనో వద్దో ఒక్క మాటగా తేల్చి చెప్పుట గురించి.

డీజిల్ రాయితీ గురించి, జెట్టీ గురించి ఇదివరకు చాలా అర్జీలు పెట్టినవాడను. వాటి గతి తెలిసి కూడా ఇది పెట్టుచున్నాను. నా కుడి అరచేయి మోకు ఒరుసుకొని తెగినందున, నేను చెప్పుచుండగా మా అమ్మాయే రాయుచున్నది. తప్పులుంటే నావి, దస్తూరీ బాగుంటే దానిది.

1. బడిలో జరిగిన ఆరోగ్య శిబిరమందు నా కుమార్తెను తూకం వేసి, కార్డుపై "ఊబకాయం" అని రాసి, థైరాయిడ్ పరీక్ష చేయించమన్నారు. చేయించితిని. టీఎస్‌హెచ్ అనునది ఉండవలసిన దానికంటె కొంచెం ఎక్కువ వచ్చినది. కొంచెం అనగా ఎంత ప్రమాదమో ఇప్పటివరకు నాకు తెలియదు.

2. బందరులో ఒక ప్రైవేటు డాక్టరు గారు జన్మంతా మాత్ర వేయాలన్నారు. గుడివాడలో ఒక డాక్టరమ్మ గారు, "ఒళ్ళు చేసిన పిల్లల్లో ఈ అంకె కాస్త పెరగడం మామూలేనండి. ఒళ్ళు తగ్గితే చాలామందిలో అదే దిగుతుంది. అప్పుడే మాత్ర మొదలెట్టకండి, మళ్ళీ పరీక్ష చేసి చూద్దాం" అన్నారు. మూడవ ఆయన అయోడిన్, జింకు, సెలీనియం తక్కువై ఉండవచ్చునని ఒక పొడి డబ్బా చేతిలో పెట్టినారు. సెలీనియం ఎందులో ఉంటుందండీ అని అడిగితే, సముద్రపు చేపల్లో అన్నారు. అయ్యా, నేను చేపలు పట్టేవాడిని. ఆ డబ్బా కొనుక్కుని ఇంటికి వచ్చాను.

3. మళ్ళీ పరీక్షకు వెళ్ళగా ఒకచోట కిట్లు అయిపోయినవన్నారు. ఇంకొకచోట మిషను ఉన్నది, చూసేవారు సెలవన్నారు. వేరొకచోట మీ మండలం మా కిందికి రాదన్నారు. మా అమ్మ చిట్టెమ్మ విసుగెత్తి మోపిదేవి స్వామికి మొక్కుకున్నది. స్వామి దగ్గర కిట్లు అయిపోవంటున్నది.

4. ఈ మధ్య మా ఆశా కార్యకర్త సంతోషమ్మ గారు వచ్చి ఇంట్లోని ఉప్పుపై మందు చుక్కలు వేసి చూసినారు. అయోడిన్ ఉంటే నీలం తిరగాలట. కూరలో వేసే కల్లుప్పు తెల్లగానే ఉన్నది. పెరట్లో నెత్తళ్ళు ఎండబెట్టే చోట ఉన్న ఉప్పు మాత్రం నీలం తిరిగినది. రేషనులో ఇచ్చే అయోడిన్ ఉప్పు ప్యాకెట్లను మా అమ్మ ఏనాటినుంచో చేపలకే వాడుచున్నది.

"ఆ పొడి ఉప్పు ఎంతేసినా కూరకి ఉప్పందదమ్మా. చేపలకైతే సరిపోద్ది" అన్నది మా అమ్మ.

"అయితే పిన్నీ, మీ ఇంట్లో అయోడిన్ తినేది నెత్తళ్ళేనన్నమాట" అన్నారు సంతోషమ్మ గారు.

ఆ నెత్తళ్ళు మేము తినము, అమ్ముతాము. మా పాలెంలో చాలా ఇళ్ళలో ఇదే తంతు. ఇదంతా ఉప్పువల్లేనా అని అడిగితే, అలా చెప్పలేమన్నారు. మరి ఎవరు చెబుతారండీ?

5. చేపలు పెట్టరాదా అని తమరు అనవచ్చును. బంటుమిల్లి బడిలో ఎవరో నీచు కంపన్నారని ఈ పిల్ల ఎప్పుడో చేప మానేసినది. చిప్సు, బిస్కెట్లు మరిగినది. శిబిరం అయిన నాటినుంచి అన్నం కూడా మానుచున్నది. బడిలో మధ్యాహ్న భోజనం పళ్ళెం పక్కపిల్లకు ఇచ్చేసేదట. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడినది. ఆపైన బడికే వెళ్ళుట లేదు. ఎందుకమ్మా అంటే లేచి పెరట్లోకి పోతున్నది. ఈ అంశం రాయనని కలం కింద పెట్టినది. రాయమ్మా, నీకోసమే కదా అన్నాను. రాసినది.

కావున పరీక్షకు ఒక తేదీ, ఒక చోటు, చెప్పడానికి ఒక డాక్టరును ఏర్పాటు చేయవలెను. ఆ చుక్కల మందు పాలెంలో ప్రతి గడపకూ పంపవలెను. పెంపకం చేప జబ్బుపడితే చెరువు దగ్గరకు వెంటనే మందిచ్చే మనిషి వస్తున్నాడు. నాకు ఒక్కతే కూతురు. దానికి ఏమైనదో నాకు తెలియాలి.

చదివి ఫైలులో పెట్టకుండా, చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఓపిక ఉన్నంతవరకు,
ఒడుగు గణపతి

తా.క.: సార్, ఇది నాన్న చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. నాన్న ఎడమ చేత్తో సంతకం పెట్టేసి కట్టు మార్పించుకోడానికి వెళ్ళాడు. కవరు నన్నే అంటించమన్నాడు. ఆ రోజు శిబిరంలో నా బరువు మైకులో చదివారు సార్. అబ్బాయిలు కూడా విన్నారు. నాన్నకి చెప్పలేదు, చెబితే బడి మీదకి గొడవకి వెళ్తాడు. మాత్ర వేసుకోమంటే వేసుకుంటాను. నిన్న నెత్తళ్ళ పులుసు కూడా తిన్నాను, నానమ్మ పొడి ఉప్పే వేసింది. ఈసారి బరువు చూసినప్పుడు అంకె పైకి చదవకుండా కార్డు మీద రాసుకోమని చెప్పండి సార్. అలా అయితే సోమవారం నుంచి బడికి వెళ్తాను.